లూప్ 14లో డోలు కొట్టింది ఎవరు?

వేవ్‌ఫామ్_హైద్ | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు ఇంట్లోనే ట్రాక్‌లు చేసుకుంటుంటాను. మొన్న ఒక శాంపిల్ ప్యాక్ కొన్నాను, అంటే ట్రాక్‌లలో వాడుకోవడానికి ముందే రికార్డు చేసి అమ్మే శబ్దాల ముక్కలు. అందులో ఒక ఫైల్ పేరు "వెస్ట్ ఆఫ్రికా లూప్ 14, 120 బీపీఎం". లూప్ అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్క, 120 బీపీఎం అంటే నిమిషానికి 120 దెబ్బల వేగం. ఏ దేశం, ఏ డోలు, ఎవరు కొట్టారు అన్న ముచ్చటే లేదు. దాన్ని కాస్త శ్రుతి పెంచి, కింద కిక్ డ్రమ్ వేసి ట్రాక్ చేశాను. బాగానే వచ్చిందని మురిసిపోయాను కూడా.

నా క్లాస్‌మేట్ విని "ఎవర్రా ఇది?" అన్నాడు. నేనే అన్నాను. "నువ్వు కాదురా, ఆ డోలు" అన్నాడు. అప్పట్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది.

పశ్చిమ ఆఫ్రికా డోలు సంప్రదాయాలను ఎలక్ట్రానిక్ సంగీతం కాపాడుతోందని చాలాచోట్ల రాస్తున్నారు. నిజంగా అలా జరిగిన సందర్భం ఒక్కటైనా ఉందా? లేక నాలాంటివాళ్లు మనసుకు సర్దిచెప్పుకోవడానికి పనికొచ్చే మాటేనా?

లయపిచ్చి | మంగళవారం, ఉదయం 6:05

ఉంది. సెనెగల్ రాజధాని డకార్ పేరు చెప్తా.

బెర్లిన్‌లో మార్క్ ఎర్నెస్టస్ అని ఉన్నాడు. బేసిక్ ఛానల్ అనే టెక్నో జంటలో ఒకడు, హార్డ్ వాక్స్ అనే రికార్డుల షాపు పెట్టినవాడు. టెక్నో వినేవాళ్లకు ఆయన పేరు చెప్పక్కర్లేదు. సెనెగల్‌లో ఎంబలాఖ్ అనే పాప్ సంగీతం చెవినపడి, దాని వెంటబడి వెళ్లాడు. అక్కడ కవోలాక్ ఊరి గ్రియో కుటుంబాల వాళ్ల బృందం కలిసింది. పేరు జెరి-జెరి, ముందుండి నడిపేది బకానే సెక్. వాళ్లతో చేసిన రికార్డులు 2013లో రెండు ఆల్బమ్‌లుగా వచ్చాయి. ఒకదాంట్లో పాటలు. రెండోది "ఎన్‌దగ్గా వెర్షన్స్", అందులో చాలావరకు గొంతులు పక్కనపెట్టి డోళ్లను ముందుకు తెచ్చాడు. జమైకా డబ్ వాళ్ల పద్ధతి అది. ఆ తర్వాత బృందం పేరు ఎన్‌దగ్గా రిథమ్ ఫోర్స్ అయింది. 2016లో "యెర్మాందే", 2025లో "ఖాదిమ్".

వరసగా వినండి. ఏళ్లు గడిచేకొద్దీ సంగీతంలో వాయిద్యాలు తగ్గుతూ వస్తాయి. ఖాదిమ్‌కి వచ్చేసరికి గిటార్లు పోయాయి. గొంతు, డోళ్లు, సింథసైజర్, అంతే. ఫ్యూజన్ పేరుతో మనవాళ్లు పులిహోరలో పాయసం కలుపుతారే, దానికి సరిగ్గా ఎదురు ఇది.

సీత_మృదంగం | మంగళవారం, ఉదయం 9:40

లయపిచ్చి గారూ, ఆ డోలు పేరేమిటి? చేత్తో వాయిస్తారా, కర్రతోనా? మనం తకధిమి అని నోటితో పలికే సొల్లు లాంటిది వాళ్లకు ఉందా?

లయపిచ్చి | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అక్కా, ఆ డోలు పేరు సబార్. ఒక పక్క ఉత్తి చేత్తో, ఇంకో పక్క సన్నటి కర్రతో కొడతారు. ఒకే చెట్టు మొద్దును తొలిచి చేస్తారు. మేకతోలు, చుట్టూ చెక్క మేకులు. శ్రుతి తగ్గితే ఆ మేకుల్ని రాయితోనో సుత్తితోనో కొట్టి బిగిస్తారు. చిన్నా పెద్దా చాలా రకాలున్నాయి, ముందుండి నడిపేదాన్ని ఎన్‌దేర్ అంటారు. తమాషా ఏమిటంటే, సబార్ అంటే డోలే కాదు, దానికి ఆడే నృత్యమూ సబారే, వీధిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఆడవాళ్లు జరిపే వేడుకా సబారే.

సొల్లు ఉంది! గిన్, పఖ్, తెత్ అంటూ నోటితోనే పాఠం చెప్తారు. నాకు మొదట నచ్చింది అదే. ఇంకా "బాక్" అని ఒకటుంది, మన మోహరాలా ముందే కూర్చిన పొడవాటి ముక్క. అందరూ ఒక్కసారే వాయిస్తారు. చాలా బాక్‌లు ఒకప్పుడు మాటలే. పొగడ్తో సామెతో డోలు మీదికి ఎక్కింది. ఇది ఫలానా ఇంటివాళ్ల బాక్ అని వింటే పోల్చేస్తారు.

లయల పేర్లయితే మరీ ముద్దు. ఒకదాని పేరు చెబు జెన్. అంటే చేపలన్నం, వాళ్లకు ఇంటింటా వండుకునే వంట.

సిర్రా_సిటికెన | మంగళవారం, రాత్రి 8:50

అన్నా, మంచిగ చెప్పినవ్. కానీ ఆ గ్రియోలు ఎవరో కూడా చెప్పు. వొలోఫ్ భాషలో గెవెల్ అంటారు. పుట్టుకతో వచ్చే పని. పెళ్లికి, పేరు పెట్టే రోజుకి, కుస్తీ పోటీకి వాళ్లు రావాలి, వాయించాలి, పొగడాలి. పిల్లనిచ్చే దగ్గరికొస్తే మాత్రం లెక్క మారుతుంది. సెనెగల్‌లో ఒకప్పుడు గ్రియో చనిపోతే మామూలు నేలలో పాతిపెట్టనిచ్చేవాళ్లు కాదు. నేల పాడైపోతుందని బోలుగా ఉన్న బావొబాబ్ చెట్టు తొర్రలో పెట్టేవాళ్లు. చదివినప్పుడు నాకేమీ ఆశ్చర్యమనిపించలేదు. మా తాత డప్పు లేకుండా మా ఊర్లో ఏ శవమూ లేవలేదు, ఆయన శవం పోయింది మాత్రం వేరే దారిలో.

అందుకే "సంప్రదాయాన్ని కాపాడాలి" అని ఎవరన్నా అంటే నేను మొదట అడిగేది ఒక్కటే. డోలునా, కొట్టేటోడినా?

ఇంకొకటి. బరాత్‌లకు డీజే వచ్చాక మా నాన్న బృందాన్ని పిలిచేది పావుగంటకే. వీడియో తీసుకోవడానికి. తీసుకున్నాక "కాకా, ఇగ చాలు" అంటారు, బాక్సులు మొదలైతయ్. ఆ బాక్సుల్లో వచ్చేది ఏందో తెలుసా? డప్పు శాంపిల్.

లయపిచ్చి | మంగళవారం, రాత్రి 9:30

అన్నా, నువ్వు చెప్పింది అచ్చం మాలి దేశం కథ. బమాకో వీధి వేడుకల్లో బలాఫోన్ బృందాలు వాయించేవి. బలాఫోన్ అంటే చెక్క పలకలు, కింద సొరకాయ బుర్రలు. 1990ల చివర్లో ఆ బృందాల బదులు సౌండ్ సిస్టమ్, డీజే వచ్చారు. కారణం సింపుల్, ఖర్చు తక్కువ. ఆ వేడుక పేరు మాత్రం పాతదే మిగిలింది, "బలానీ షో". ఆ డీజేలు బలాఫోన్ ముక్కల్ని కోసి, వేగం పెంచి, పైన డ్రమ్ మెషీన్ వేసి తమదైన సంగీతం పుట్టించారు. అక్కడి డీజే దియాకీ రికార్డును 2020లో ఉగాండా లేబుల్ న్యెగె న్యెగె టేప్స్ బయటికి తెచ్చింది. వింటే పిచ్చెక్కుతుంది, అంత వేగం.

ఇది సంప్రదాయం చావడమా, బతకడమా? నాకు రెండూ అనిపిస్తుంది. శబ్దం బతికింది, వాయించేవాడి కూలి పోయింది.

వైజాగ్_మిక్సింగ్ | బుధవారం, ఉదయం 7:10

కూలి సంగతి పెద్దవాళ్లు మాట్లాడండి. నేను పని సంగతి చెప్తా.

వేవ్‌ఫామ్ బ్రో, ఆ లూప్‌ను క్వాంటైజ్ చేశావా, అంటే దెబ్బలన్నిటినీ సాఫ్ట్‌వేర్ గీతల మీదికి సరిగ్గా జరిపావా? చేసే ఉంటావు, 120కి సరిపెట్టారంటే ప్యాక్ చేసినవాళ్లే చేసి ఉంటారు. అక్కడే సగం ప్రాణం పోయింది. మాలి దేశపు జెంబే అనే డోలు మీద రైనర్ పోలాక్ అనే పరిశోధకుడు ఏళ్లతరబడి కొలతలు తీశాడు. ఒక తాళపు దెబ్బకీ దాని తర్వాతి దెబ్బకీ మధ్య వచ్చే చిన్న దెబ్బలు సమాన దూరంలో ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. తప్పు వల్లో అలసట వల్లో కాదు, ఎన్నిసార్లు వాయించినా అదే పొట్టి, అదే పొడుగు. అంటే అదే వాళ్ల కొలత. మన సాఫ్ట్‌వేర్ గ్రిడ్‌కు అది తెలియదు. దాని దృష్టిలో అవన్నీ పొరపాట్లు, ఒక్క క్లిక్‌తో "సరిచేస్తుంది".

నేనూ ఒకసారి ఇలాగే చేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి విన్నా. పాతది నడుస్తున్న మనిషిలా ఉంది, కొత్తది కుట్టుమిషన్‌లా.

టోనీ అలెన్, జెఫ్ మిల్స్ కలిసి 2018లో చేసిన "టుమారో కమ్స్ ద హార్వెస్ట్" విన్నారా? అలెన్ నైజీరియాలోని లాగోస్ డ్రమ్మర్, గాయకుడు ఫెలా కుటీ వెనక ఆఫ్రోబీట్ అనే సంగీతాన్ని నిలబెట్టినవాడు, 2020లో పోయాడు. మిల్స్ డెట్రాయిట్ టెక్నో. ఆయన టీఆర్-909 అనే డ్రమ్ మెషీన్‌ని ముందే రాసిపెట్టి వదిలేయడు, వాయిద్యంలా వేళ్లతో ఆడిస్తాడు. అందుకే అలెన్ పక్కన నిలబడగలిగాడు. మెషీన్ డ్రమ్మర్ మాట వినాలి. డ్రమ్మర్ చెవిలో టిక్‌టిక్‌మని తాళం చెప్పే క్లిక్ పెట్టి మెషీన్ మాట వినమంటే అక్కడితో అయిపోయింది.

వేవ్‌ఫామ్_హైద్ | బుధవారం, ఉదయం 7:45

క్వాంటైజ్ చేశాను. శ్రుతి కూడా మూడు మెట్లు పెంచాను. తిట్టండి.

అసలు ఫైల్ లింక్ పెడుతున్నా. అది ఏ డోలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇబాదాన్_పిల్ల | బుధవారం, మధ్యాహ్నం 12:30

చెప్పగలను. 1980ల్లో నాన్నగారు నైజీరియాలో టీచర్‌గా పనిచేశారు. అప్పట్లో మనవాళ్లు చాలామంది అలా వెళ్లారు. నా చిన్నతనం ఇబాదాన్‌లోనే.

అది సబార్ కాదు, జెంబే కాదు. దుందున్, యొరూబా వాళ్ల మాట్లాడే డోలు. బుడబుక్కలవాడి చేతిలో ఉంటుందే, నడుం సన్నగా, దానికి పెద్దన్నలా ఉంటుంది. చుట్టూ తోలు తాళ్లు. భుజానికి తగిలించుకుని, ఎడమచేత్తో తాళ్లు నొక్కుతూ వదుల్తూ, కుడిచేతి వంకర కర్రతో కొడతారు. నొక్కితే స్వరం పైకి, వదిలితే కిందికి.

ఎందుకంటే యొరూబా భాషకు మూడు స్థాయిలున్నాయి: పై, నడిమి, కింది. ఒకే అక్షరాలు, స్థాయి మారితే మాట మారిపోతుంది. దుందున్ ఆ స్థాయిల్ని పలుకుతుంది. పెళ్లి గుమ్మం దగ్గర డోలువాడు నిలబడి, వచ్చేవాళ్లను చూసి వాళ్ల వంశాన్ని డోలు మీద పొగుడుతాడు. పొగడ్త తగిలినవాళ్లు ఆగి, నోటు తీసి అతని నుదుటికి అంటిస్తారు. మా నాన్నకి ఒకసారి అలాగే జరిగింది. ఆయనకు ఏం పలికిందో తెలీదు, నోటు మాత్రం అంటించారు. ఆ డోలు ఇళ్లవాళ్ల పేర్లు "అయాన్" అని మొదలవుతాయి, డోలు దేవత పేరు అది.

కాబట్టి వేవ్‌ఫామ్ గారూ, మీరు లూప్‌ను కోసి, ముక్కల్ని అటూ ఇటూ జరిపి ఉంటే జరిగింది సంగీతం మార్పు కాదు, వాక్యం మార్పు. మొత్తం ఒకేలా పెంచితే కొంత నయం, తేడాలు మిగిలే ఉంటాయి.

ఫైల్‌ను నా పాత స్కూల్ స్నేహితుడికి పంపాను. చూద్దాం.

వేవ్‌ఫామ్_హైద్ | బుధవారం, మధ్యాహ్నం 12:42

కోశాను మేడమ్. ముక్కల్ని తలకిందులు కూడా చేశాను, బాగుందని. 😬

చార్మినార్_చాయ్ | బుధవారం, సాయంత్రం 5:00

మన తీన్మార్ కూడా ఆఫ్రికాదే కదా? మర్ఫా? ఏసీ గార్డ్స్ వాళ్లది? అంటే హైదరాబాద్‌లోనే పశ్చిమ ఆఫ్రికా ఉన్నట్టే.

లయపిచ్చి | బుధవారం, సాయంత్రం 5:25

మర్ఫా సిద్దీలు, యెమెన్ అరబ్బులు కలిసి తెచ్చింది, నిజమే. ఏసీ గార్డ్స్ అంటే నిజాం దగ్గరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అదీ నిజమే. కానీ వాళ్ల దారి తూర్పు ఆఫ్రికా, హబ్షీల నుంచి. డకార్‌కూ దానికీ మధ్య ఒక ఖండం ఉంది భాయ్.

చావడి_అడ్మిన్ | బుధవారం, సాయంత్రం 5:40

మర్ఫాకి వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడికి రండి. చాయ్ గారి మీద జోకులు తీసేశాను.

బెర్లిన్_చలి | బుధవారం, రాత్రి 11:55

ఎన్‌దగ్గా వాళ్లను ఇక్కడ ఒకసారి చూశాను. కార్యక్రమానికి ముందు ఒక డ్రమ్మర్ స్టేజి అంచున కూర్చుని డోలు చుట్టూ మేకుల్ని ఒక్కొక్కటే టకటకా కొట్టుకుంటూ, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. పదిహేను నిమిషాలు అదే పని. మొదలయ్యాక కర్ర ముక్కలై ఎగిరి ముందు వరసలో పడింది. ఆయన చూడను కూడా చూడలేదు, నడుంలోంచి ఇంకోటి లాగి వాయించేస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు గానీ అందరివీ తప్పే. ఒకటో దెబ్బ ఎక్కడుందో మాకెవరికీ దొరకలేదు. నాకూ దొరకలేదు.

లయపిచ్చితో ఒక విషయంలో విభేదిస్తాను. సబార్‌ను బెర్లిన్ కాపాడలేదు. డకార్‌లో సబార్‌కు కాపాడేవాడి అవసరమే లేదు. వీధిలో అక్కలు చందాలు వేసుకుని కుర్చీలు తెప్పించినంతకాలం అది ఉంటుంది. సబార్ మహా విద్వాంసుడు దూదూ ఎన్‌జాయ్ రోజ్ ఊరు అది! ఆయన 2015లో పోయాడు. కూతుళ్లు, కోడళ్లతో "లే రోజెట్" అని ఆడవాళ్ల డోలు బృందమే పెట్టాడు. మగవాళ్ల పని అనుకున్నదాన్ని ఇంటి ఆడపిల్లల చేతికిచ్చాడు. నా లెక్కలో కాపాడడమంటే అది, ఎంత పెద్ద సింథసైజరైనా దాని తర్వాతే.

అసలు ఎలక్ట్రానిక్స్‌ను వాళ్లకు ఎర్నెస్టస్ పరిచయం చేశాడనుకోవడమూ తప్పే. 1980ల నుంచే ఎంబలాఖ్ బృందాల్లో యమహా డీఎక్స్7 లాంటి కీబోర్డుల మీద "మరింబా" (చెక్క పలకల వాయిద్యం) శబ్దం పెట్టి, సబార్ లయలను వేళ్లతో వాయించేవాళ్లు. గాయకుడు యూసు ఎన్‌దూర్ బృందంలో హబీబ్ ఫాయ్ ఆ పనిలో దిట్ట. మెషీన్‌ను డోలుగా మార్చుకుంది వాళ్లే. జర్మన్ ఆయన ఆ తర్వాత వచ్చాడు, మర్యాదగా వచ్చాడు, అంతవరకు ఒప్పుకుంటా.

లయపిచ్చి | గురువారం, ఉదయం 6:20

మరింబా సంగతి నేను చెప్పి ఉండాల్సింది. ఒప్పేసుకుంటున్నా. "కాపాడాడు" అన్నమాట వెనక్కి తీసుకుంటా. "పేరుతో, డబ్బుతో, ఏళ్ల తరబడి కలిసి పనిచేశాడు" అని రాసుకోండి.

అక్రా_బావ | గురువారం, ఉదయం 10:15

ఆలస్యంగా చూశాను. ఘనాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, టేమాలో పని. ఇక్కడి సంగతి రెండు ముక్కలు.

ఘనా 2005 కాపీరైట్ చట్టం ప్రకారం జానపద కళారూపాల హక్కులు దేశ ప్రజల తరఫున రాష్ట్రపతి చేతిలో ఉంటాయి. వినడానికి గొప్పగా ఉంటుంది. ఊళ్లో డోలు కొట్టే ముసలాయన్ని అడిగితే "రాష్ట్రపతి మా ఊరి గంట ఎప్పుడైనా కొట్టాడా?" అన్నాడు. ఆ మాటతో నేను ఏకీభవిస్తా గానీ, శాంపిల్ ప్యాక్‌వాళ్లకు అసలు ఏ అడ్డూ లేకపోవడం కన్నా చట్టం ఉండటమే నయం.

రెండోది, అందరూ డోలు డోలు అంటున్నారు. ఇక్కడ వోల్టా ప్రాంతపు ఎవే అనే జాతి వాళ్ల సంగీతంలో ముందు పుట్టేది గంట. గంకోగీ అంటారు, ఒకదానికొకటి అతికిన రెండు ఇనప గంటలు, కర్రతో కొడతారు. అగ్బాజా అనే ఆటకు పన్నెండు చిన్న కాలాల్లో ఏడు దెబ్బలు. అవి సమానంగా పడవు, రెండు-రెండు-ఒకటి-రెండు-రెండు-రెండు-ఒకటి. కగాను, కిది, సొగో, మనిషంత ఎత్తు అత్సిమేవు, అన్ని డోళ్లూ ఆ గంట చెప్పినట్టే వింటాయి. అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ 1970లో ఇక్కడికి వచ్చి నేర్చుకుంది ఎవే డోలు గురువు గిడియన్ అలొర్వోయీ దగ్గరే.

సీత_మృదంగం | గురువారం, ఉదయం 11:00

రెండు-రెండు-ఒకటి... కూర్చుని చేత్తో వేసి చూశాను బావగారూ. మూడో ఆవృతానికి నా తాళం జారిపోయింది. ఇరవై రెండేళ్ల సాధన, సిగ్గేసింది.

ఇబాదాన్_పిల్ల | గురువారం, సాయంత్రం 6:40

స్నేహితుడు జవాబిచ్చాడు. వాళ్ల అమ్మగారికి కూడా వినిపించాడట. దుందునే, అనుమానం లేదు. మాట మొత్తం స్పష్టంగా తెలియడం లేదు, కానీ ఎవరినో పొగుడుతున్నాడు, "ఫలానావారి బిడ్డా" అని మొదలైందట. పేరు వచ్చే చోటికి లూప్ అయిపోయి మళ్లీ మొదటికి వెళ్లిపోతోందట. వాళ్లమ్మగారు నాలుగుసార్లు విని "ఎవరి బిడ్డో చెప్పడేం!" అని విసుక్కున్నారట.

సిర్రా_సిటికెన | గురువారం, సాయంత్రం 6:55

కొట్టినోని పేరు లేదు, పొగిడించుకున్నోని పేరూ లేదు. అమ్మినోని పేరు మాత్రం ఉన్నది.

వేవ్‌ఫామ్_హైద్ | గురువారం, రాత్రి 10:30

ట్రాక్ తీసేశాను. ప్యాక్ అమ్మినవాళ్లకు మెయిల్ పెట్టాను, ఎవరు వాయించారో చెప్పమని. "వాడుకోవడానికి ఎలాంటి అనుమతి అక్కర్లేదు, నిశ్చింతగా ఉండండి" అని జవాబు. నేను అడిగింది అది కాదు.

మళ్లీ మొదటినుంచి, మనుషులతో చేయాలనుంది. బావగారూ, అక్కడ ఎవరైనా నాతో చేయడానికి ఒప్పుకుంటారా? ఒక్క ట్రాక్. మామూలు స్టూడియో రేటు ఇస్తాను, పేరు ముందు వాళ్లదే.

అక్రా_బావ | శనివారం, రాత్రి 9:10

మా ఆఫీసులో ఒక ఎవే అబ్బాయి ఉన్నాడు, వాళ్ల మేనమామ డోలు వాయిస్తాడు. ఇక్కడ శనివారం అంటే అంత్యక్రియల రోజు, ఆయన్ని ఇవాళ అలాంటి ఒక చోటే పట్టుకున్నాను. చావు ఇంట్లో ఒక మూల డోళ్లు, ఇంకో మూల పెద్ద పెద్ద స్పీకర్లు. సిర్రా తమ్ముడు చూసి ఉంటే నవ్వేవాడు.

నీ సంగతి చెప్పాను. ఆయన డబ్బు గురించి తర్వాత అడిగాడు, ముందు అడిగింది "గంట ఎవరు కొడతారు?" అని. "మెషీన్‌లో క్లిక్ ఉంటుంది, దాన్ని వింటూ వాయించాలి" అన్నాను, నువ్వు అలాగే చేస్తావని. ఆయన తల అడ్డంగా ఊపి మేనల్లుడితో ఏదో అన్నాడు. "దానికి వంట రాదు, గిన్నెలు మాత్రం మోగిస్తుంది" అన్నాడట.

ఆయన షరతులు: అయిదుగురు వస్తారు, ఒక్కడిగా రాడు. గంట వాళ్ల మనిషే కొడతాడు. రెండు పూటలా భోజనం. రికార్డు చేసింది వాళ్లకూ ఒక కాపీ. ఊళ్లో పిల్లలకు నేర్పేటప్పుడు వినిపిస్తాడట.

వైజాగ్_మిక్సింగ్ | శనివారం, రాత్రి 9:25

క్లిక్ పీకేయ్ బ్రో. గంటను వేరే మైక్‌లో ముందు తీసుకో, దానిమీద టెంపో మ్యాప్ గీసుకో. నీ కిక్, నీ సింథ్ అన్నీ దాన్ని పట్టుకునే నడవాలి. ఎక్కడ వేగం పెరిగితే అక్కడ నీదీ పెరగాలి.

వేవ్‌ఫామ్_హైద్ | శనివారం, రాత్రి 9:31

సరే. బావగారూ, మొత్తం ఎన్ని మైకులు కావాలి? ఆ పెద్ద డోలుకి పైన ఒకటి, కింద ఒకటి పెట్టాలా?

అక్రా_బావ | శనివారం, రాత్రి 9:50

అడిగి చెప్తా. అన్నట్టు, నీకూ ఒక షరతు పెట్టాడు. నువ్వు ఇంట్లో కూర్చుంటే కుదరదట, రావాలట.